బండ మీద తీగె

ఎనిమిదిన్నర అయింది. హనుమాండ్లు టంకం కడ్డీ మొనను తడిగుడ్డకు ఒకసారి రాసి, చెంప దగ్గరికి తెచ్చి వేడి చూసుకున్నాడు. తొమ్మిదింటికి కరెంటు పోతుంది. బొగ్గుగనుల్లో కూడా సమ్మె మొదలయ్యాక సరూర్‌నగర్‌లో రోజుకు మూడుసార్లు పోతోంది, చెప్పిన టైముకే పోతోంది. బస్సులు, బడులు, ఆఫీసులు అన్నీ ఆగిపోయిన ఈ నెలరోజుల్లో టైముకు జరుగుతున్న పని అదొక్కటే.

అతని ముందు నల్ల గ్రానైటు ముక్క ఉంది. వంటగట్లకు వేసే రకం. ఎల్‌బీ నగర్ దగ్గర రాళ్ళ దుకాణం వాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. ఇంట్లో దాన్ని బండ అనే అంటారు. దాని మీద సన్నని గీతలు, గీతల వెంట బెజ్జాలు, బెజ్జాల్లో నిలబెట్టిన చిన్న మేకులు. ఎడమవైపు సగంలో, ఆ మేకుల మధ్య, ఇత్తడి రేకులూ ఉక్కు తీగెలూ కలిపి కట్టిన ఒక చట్రం పడుకుని ఉంది. అరచేతిలో ఇమిడిపోతుంది. ముందు నాలుకలా ఒక ముక్క, వెనక మోటారు కూర్చునే గూడు, రెండు పక్కలా వదులుగా కదిలే రేకులు. దానికి నాలుగు చక్రాలు బిగించి పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేస్తే అది రేసు కారు బొమ్మ అవుతుంది. చెక్కబల్లలో తవ్విన గాడిలోకి ఆ నాలుకను దింపి, చేతిలో మీట నొక్కితే, గాడి పక్కనున్న రాగి పట్టీల నుంచి కరెంటు అందుకుని కళ్ళు తిప్పుకునేలోపు బల్ల అవతలికి పోతుంది. పిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ ఆడేవాళ్ళు మీసాలొచ్చిన మనుషులు. ఓడిపోతే రెండు రోజులు అన్నం సరిగా తినరు.

బండ కుడివైపు సగం ఖాళీగా ఉంది. హనుమాండ్లు అరగంటగా దాన్నే చూస్తున్నాడు.

పన్నెండేళ్ళలో అటువైపు ఏనాడూ ఖాళీగా లేదు. ఒక చట్రం పూర్తి చేసేముందు అతను చివరి అతుకు ఒకటి ఆపుతాడు. తర్వాతి చట్రానికి మొదటి తీగెను కుడివైపు పరిచి, దాని ఒక కొసకు టంకం పెడతాడు. అప్పుడు ఇటు తిరిగి ఆఖరి అతుకు వేస్తాడు. ఎందుకని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకుంటాడు. అతను పుట్టింది పోచంపల్లి పక్కన, నేత పనివాళ్ళ ఇంట్లో. తండ్రి లచ్చయ్య మగ్గం నేసేవాడు, ఊళ్ళోవాళ్ళ పన్నెలు బాగుచేసేవాడు. పన్నె అంటే మగ్గానికి ఉండే పెద్ద దువ్వెన. దాని పళ్ళ సందుల్లోంచి ఒక్కో పోగూ బయటికి వస్తుంది. చీరలు నేయడం అయిపోయాక ఆ పోగుల్ని మొత్తంగా లాగెయ్యరు. జానెడు కొసలు పన్నెలోనే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటే అతుకుతారు. పాత పోగు కొత్త పోగును పళ్ళలోంచి లాక్కొస్తుంది. పన్నె ఖాళీ అయిందంటే ఆ ఇంట్లో నేత ఆగిపోయిందని అర్థం. లచ్చయ్య పన్నె ఒక్కసారే ఖాళీ అయింది. ఆ ఏడే హనుమాండ్లు పట్నం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో లారీ రేడియేటర్లకు మాట్లు వేసే దుకాణంలో పనికి కుదిరాడు.

"ఏంది గట్ల చూస్తున్నవ్? కరెంటు పోతది, పెట్టు" అంది యాదమ్మ గడప దగ్గర నుంచి. ఆమె చేతిలో చిక్కుడుకాయల గిన్నె ఉంది.

"పెడ్త."

"కొత్త తీగె ఎయ్యకు."

"ఎయ్యలే గదనే. కండ్లు లేవా?"

"కండ్లుండబట్టే చెప్తున్న. ఇయ్యాల చెప్పకుంటే నేనే పోయి చెప్త మీ సారుకు."

చెప్పాల్సిన మాట చాలా చిన్నది. సారూ, నాతోని ఇగ గాదు, అంతే. నిరుడు దసరా ముందు దవాఖానలో డాక్టరమ్మ అతని ఛాతీ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, ఏం పని చేస్తావని అడిగింది. చెప్పాడు. టంకం అంటుకోవడానికి ముందుగా పూసే యాసిడ్ గురించి, కడ్డీ తగలగానే లేచే తెల్లపొగ గురించి కూడా చెప్పాడు. ఆమె ఫిల్మును కవరులో పెట్టేసి, ఆ పొగ దగ్గర ఇంకొక్క రోజు కూడా కూర్చోవద్దంది. మందులు రాసింది. బడంగ్‌పేటలో ఉండే కూతురు వాసంతి ఆ రాత్రే ఫోన్ చేసి, తమ మేడ మీద గది ఉందనీ, చుట్టూ ఇంకా ఖాళీ ప్లాట్లేననీ, గాలి బాగుంటుందనీ, సామాను సర్దుకుని వచ్చెయ్యమనీ చెప్పింది. హనుమాండ్లు సరేనన్నాడు. అలా సరేనని ఏడాది దాటింది.

ఆపాలంటే ఆపగలడు. ఆపితే పట్టాభి సారు ఏమనుకుంటాడో అన్నదే అతని బాధ.

పట్టాభిది తెనాలి. ఓడల మీద ఎలక్ట్రీషియన్‌గా ముప్పై ఏళ్ళు తిరిగాడు. ఏదో రేవు పట్నంలో ఈ ఆట చూసి, దాని మీద ప్రాణం పెట్టుకుని, ఉద్యోగం మానాక ఎల్‌బీ నగర్‌లో ఒక మేడ రెండో అంతస్తు అద్దెకు తీసుకుని ఆరు గాడులున్న చెక్కబల్ల కట్టించాడు. ఒకసారి ఒక కారు చట్రం విరిగితే దాన్ని అతికేవాళ్ళ కోసం వెతుక్కుంటూ రేడియేటర్ల దుకాణానికి వచ్చాడు. హనుమాండ్లు దాన్ని అతికి ఇచ్చేముందు బొటనవేలి గోటితో తీగెల్ని ఒక్కొక్కటే మీటి, ఒకచోట ఆగి, "గీ తీగె గుంజుకొని ఉన్నది సారూ, కారు ఎడమకు పోతుంటదా?" అని అడిగాడు. ఎడమకే పోతోంది. పన్నె పళ్ళలో వంకర పోయినదాన్ని లచ్చయ్య చెవితోనే పట్టుకునేవాడు, కొడుక్కి అదే వచ్చింది. పట్టాభి ఆ రోజు అక్కడే స్టూలు మీద గంటసేపు కూర్చుండిపోయాడు. అప్పటి నుంచి ఆయన కార్లకు చట్రాలు కట్టేది హనుమాండ్లే.

"ఆయనకు నేను తప్ప ఎవరున్నరు?" అనేవాడు మొదట్లో. తర్వాత ఉద్యమం పెద్దదైంది. రోడ్ల మీద టెంట్లు వెలిశాయి. కొత్తపేటలో ఆంధ్రా పేరున్న కర్రీ పాయింట్ బోర్డు మీద ఆ మాట వరకు ఎవరో రంగు కొట్టారు. హనుమాండ్లుకు ఉద్యమం మీద ఏ పేచీ లేదు. తెలంగాణ రావాలనే ఉంది, దిల్‌సుఖ్‌నగర్ టెంటులో రెండు రోజులు కూర్చుని కూడా వచ్చాడు. కానీ మానేస్తానన్న మాట అప్పటి నుంచి ఇంకా కష్టమైపోయింది.

"గిప్పుడు బంద్ చేస్తే ఏమనుకుంటడు? ఆంధ్రాయనని పని ఇడిచిపెట్టిండు అనుకోడా?" అన్నాడొకసారి యాదమ్మతో.

"అనుకోనియ్యి. అనుకుంటే నీ పానం పోతదా? గా పొగ పీలిస్తే పోతది."

మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మనకొకటి ఉంది, నలుగురిలో అనేది కాదు. దాన్ని ఆడవాళ్ళ మీద పుట్టించారు గానీ, మొహమాటానికి పోయి ఒళ్ళు పాడుచేసుకున్న మగవాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

తొమ్మిదికి పది నిమిషాలు. హనుమాండ్లు చీపురుపుల్లతో యాసిడ్ చుక్క తీసి అతుకు మీద పెట్టి, కడ్డీ ఆనించాడు. చుయ్యిమంది. తెల్లటి పొగ ముఖం మీదికి లేచింది. తల పక్కకు తిప్పాడు గానీ ఆ వయసు మెడ ఎంత తిరుగుతుంది. టంకం కరిగి వెండి బొట్టులా మెరిసి, చల్లబడి మసకబారింది. అప్పుడొచ్చింది దగ్గు. రెండు చేతులతో బండ అంచు పట్టుకుని, చట్రం కదలకుండా, వంగి దగ్గాడు. యాదమ్మ వచ్చి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. దగ్గు ఆగాక అతను గోటితో తీగెల్ని మీటాడు. అన్నీ సరిగ్గా పలికాయి. పక్క రేకులు రెండూ గలగలమన్నాయి. అవి అలా కొంచెం వదులుగా ఉండాలి. మరీ బిగిస్తే మలుపులో కారు గాడి వదిలేస్తుంది.

రెండేళ్ళుగా ఒక్క చట్రం కూడా రిపేరుకు తిరిగి రాలేదు. అంతకుముందు నెలకు నాలుగైదు వచ్చేవి, ముందు నాలుకలు వంగి, అతుకులు ఊడి. తన చెయ్యి ఇన్నాళ్ళకు కుదిరిందని హనుమాండ్లుకు లోపల్లోపల గర్వం. మానేస్తున్నాడు గానీ మంచి పేరుతో మానేస్తున్నాడు. ఆ తృప్తితోనే చట్రాన్ని సోడా నీళ్ళలో కడిగి, పాత బనీను గుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాడు. కరెంటు పోయింది. కుడివైపు ఖాళీ బండ మీద గుడ్డ కప్పి బయటికి నడిచాడు.

కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ ఆరోగ్యవంతుడికి ముప్పావు గంట నడక. హనుమాండ్లుకు రెండు గంటలు పట్టింది. సమ్మె వల్ల బస్సులు లేవు. ఆటోవాడు ఎక్కమన్నాడు గానీ అప్పటికే అందులో తొమ్మిదిమంది ఉన్నారు. మూసిన దుకాణాల మెట్ల మీద కూర్చుంటూ, లేస్తూ పోయాడు. ప్రతి మెట్టు మీదా చెప్పాల్సిన మాటను ఒకసారి చెప్పుకుని చూసుకున్నాడు. పానం బాగుంటలేదు సారూ. దవాఖానల చెప్పిన్రు సారూ. బిడ్డ రమ్మంటున్నది సారూ. మూడోది బాగుందనిపించింది, అందులో ఎవరి తప్పూ లేదు.

ఎల్‌బీ నగర్ చౌరస్తాకు ముందు రోడ్డు మధ్యలోనే ఇటుకలు పేర్చి పొయ్యిలు పెట్టారు. వంటా వార్పు. విజయవాడ పోయే లారీలు కనుచూపు మేర ఆగిపోయి ఉన్నాయి. గులాబీ కండువా వేసుకున్న ఒకావిడ పెద్ద గంటెతో పప్పన్నం కలుపుతూ అతన్ని చూసి, "ఓ పెద్దయ్యా, గట్ల ఆయాసపడుతున్నవేంది? గూసో, ఇంత తిని పో" అంది. కూర్చున్నాడు. డబ్బాను మోకాళ్ళ మధ్య పెట్టుకుని విస్తరాకులో తిన్నాడు.

పక్కన కూర్చున్నతను, లింగస్వామి అని పిలుస్తున్నారు అతన్ని, డబ్బా వంక చూసి అడిగాడు. "తినడానికి తెచ్చుకున్నవా? ఏం కూర?"

"కూర గాదు. పని సామాను."

"ఎవల పని?"

"మనోళ్ళదే" అన్నాడు హనుమాండ్లు.

అతను కావాలని అబద్ధం ఆడలేదు. నోటికి అలా వచ్చేసింది. తర్వాతి ముద్దను విస్తరాకులోనే వదిలేశాడు. పట్టాభి సారు మనోడు కాడా అని తనను తానే అడుగుతూ, చెయ్యి కడుక్కుని లేచాడు.

మేడ కింద షట్టరు సగానికి దించి ఉంది. వంగి లోపలికి దూరి, రెండు అంతస్తులూ నాలుగు విడతల్లో ఎక్కాడు. తలుపు తెరిచే ఉంది. లోపల కిటికీ వెలుతురులో పట్టాభి నేల మీద కూర్చుని స్క్రూలు విప్పుతున్నాడు. సన్నటి మనిషి, తెల్లటి బనీను, ఓడలో అలవాటైన ఖాకీ నిక్కరు. ఆయన వెనక, గది నిండా మెలికలు తిరిగి ఉండాల్సిన బల్ల లేదు. ముక్కలు ముక్కలుగా గోడకు ఆనించి ఉంది. కిటికీ పక్కన తిన్నటి భాగం ఒక్కటి, రెండు మంచాల పొడవుది, ఇంకా కాళ్ళ మీద నిలబడి ఉంది.

పట్టాభి తల ఎత్తి చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు.

"రండి రండి హనుమాండ్లు గారూ. ఇంతదూరం నడిచొచ్చారా? ఫోన్ చేస్తే నేనే వచ్చి తీసుకునేవాణ్ణి కదండీ."

"బల్ల ఏమైంది సారూ?"

పట్టాభి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు. "వెళ్ళిపోతున్నానండీ. రేపే. మా తమ్ముడు తెనాలి వచ్చెయ్యమన్నాడు. లారీ మాట్లాడాను, చౌరస్తా అవతల ఆపి ఉంచుతానన్నాడు లారీవాడు. మీకు ఇవాళో రేపో చెబుదామనే అనుకుంటున్నానండీ."

హనుమాండ్లుకు సంతోషం కలగాలి. తను చెప్పకుండానే పని అయిపోయింది. కలగలేదు. మెట్ల మీద చెప్పుకుని వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది. డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక పక్కనున్న అట్టపెట్టె మీద పెట్టబోయాడు. పెట్టె తెరిచి ఉంది. అందులో పేపరు ముక్కల్లో చుట్టిన పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక పొట్లం విడిపోయి ఇత్తడి మెరిసింది.

అతను దాన్ని తీసి చూశాడు. తను కట్టిందే. నిరుడు వానాకాలంలో కట్టింది, గూటి వెనక అతుకు రెండుసార్లు వేయాల్సి వచ్చింది, గుర్తుంది. నాలుక కింద ఒక్క గీత లేదు. చక్రాల ఇరుసు దూరే గొట్టంలో నూనె మరక లేదు. ఇంకొకటి విప్పాడు. అదీ అంతే. ఇంకొకటి. ముప్పై పైనే ఉన్నాయి. ఒక్కటి కూడా గాడిలో దిగలేదు. రిపేరుకు ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

ఒళ్ళు మండింది అతనికి. ఇదంతా పొగ. రెండేళ్ళ పొగ. ఈ పేపరు పొట్లాల కోసమా తను రాత్రుళ్ళు పడుకోలేక కూర్చుని తెల్లవార్చింది అనుకున్నాడు. ముఖం ఎర్రబడింది. అడిగేద్దామని తల ఎత్తాడు.

పట్టాభి కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ముఖం చూపించడానికి ఇష్టం లేని మనిషి నిలబడినట్టు నిలబడ్డాడు.

"రెండేళ్ళ నుంచి ఎవరూ రావట్లేదండీ" అన్నాడు. "మీరేమో పొద్దున పూట వస్తారు, ఆడేవాళ్ళు సాయంత్రాలు కదా, అందుకని మీకు తెలీలేదు. ఆపేద్దామనే అనుకున్నాను. మీరు డబ్బా తెచ్చి ఇచ్చి, మళ్ళా ఏం చెయ్యమంటారు సారూ అనేవారు. ఏం వద్దని ఎలా అంటానండీ? ఈలోపు గొడవలొచ్చాయి. ఇప్పుడు ఆపితే ఏమనుకుంటారు మీరు? తెలంగాణ ఆయనని పని మాన్పించాడు అనుకోరూ? ఆ మాట పడలేనండీ నేను. మీ ఇల్లు దీని మీద నడుస్తుందేమోనని కూడా."

హనుమాండ్లు చేతిలో చట్రం అలాగే ఉంది. ఏడాదిగా తను యాదమ్మతో అంటున్న మాట, యాస మారి, కిటికీ దగ్గర నుంచి వినిపించింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. దాని చోట దుఃఖం వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి కోసం ఒకరు ఇన్నాళ్ళూ బొమ్మలాట ఆడారు. ఒకాయన ఆడని కార్లకు చట్రాలు కట్టించుకున్నాడు. ఇంకొకాయన కట్టలేని ఒంటితో కట్టిచ్చాడు.

నేను గూడ గంతే సారూ, అని చెప్పవచ్చు. చెబితే ఏమవుతుందో అతనికి వెంటనే తోచింది. దవాఖాన సంగతి చెప్పాలి. పొగ సంగతి చెప్పాలి. ఈ మనిషి ముప్పై పొట్లాలూ మేలు చేస్తున్నాననుకుని దాచుకున్నాడు. అవి ఒక్కొక్కటీ తనకేం చేశాయో తెలిస్తే, తెనాలిలో ఈ పెట్టె తెరిచినప్పుడల్లా ఏమైపోతాడు? హనుమాండ్లు చట్రాన్ని మళ్ళీ పేపర్లో చుట్టి, పెట్టెలో దాని చోట పెట్టాడు.

"మంచిగనే నడిచింది సారూ మా ఇల్లు, మీ దయవల్ల" అన్నాడు. "గీ కొత్తది జూడుండ్రి."

పట్టాభి ముక్కు తుడుచుకుని వచ్చి డబ్బా తెరిచాడు. చట్రాన్ని అరచేతిలో పెట్టుకుని పక్క రేకుల్ని కదిలించి చూశాడు. ఆయన ముఖం తేరుకుంది. సొరుగులోంచి మోటారు, చక్రాలు తీసి బిగించడం మొదలుపెట్టాడు. "ఇది మాత్రం నడుపుదామండీ. మీరు నడపండి."

"నేనెందుకు సారూ."

"పన్నెండేళ్ళుగా ఇదే మాట అంటున్నారు. ఒంటిగంటకు కరెంటు వస్తుంది. కూర్చోండి."

కూర్చున్నారు. కింద చౌరస్తాలో మైకులో పాట వస్తోంది. పట్టాభి ఫ్లాస్కులో టీ ఇద్దరికీ పోశాడు. ఒంటిగంటకు ఫ్యాను తిరిగింది. కారును తిన్నటి బల్ల మీద, ఎర్ర గీత ఉన్న గాడిలో దింపి, మీటను హనుమాండ్లు చేతికిచ్చాడు. దాని పిడి ఇన్నేళ్ళూ ఇతరుల చేతుల్లో ఉండి నున్నబడింది. "మెల్లిగా నొక్కండి" అన్నాడు.

మెల్లిగా అంటే ఎంతో తెలియక, హనుమాండ్లు మొత్తం నొక్కేశాడు. కారు కేకపెట్టి దూకింది. బల్ల అవతలి కొసన మిగతా భాగం విప్పేసి ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. అక్కడి నుంచి గాల్లోకి లేచి, గోడకు టప్‌మని కొట్టుకుని కింద పడి, చక్రాలు పైకి పెట్టి గిరగిరా తిరిగింది.

పట్టాభి దాన్ని తీసుకొచ్చాడు. నాలుక పైకి లేచిపోయింది. ముందు తీగె ఒకటి విల్లులా వంగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొదట పట్టాభికి నవ్వొచ్చింది, తర్వాత హనుమాండ్లుకు వచ్చింది, నవ్వు దగ్గులోకి తిరిగి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది.

"దుమ్మండీ, సామాను కదిలించాం కదా" అన్నాడు పట్టాభి, నీళ్ళ సీసా ఇస్తూ.

"దుమ్మే" అన్నాడు హనుమాండ్లు. నీళ్ళు తాగి, ఊపిరి అందాక, చక్రాలు విప్పించి చట్రాన్ని తీసుకుని గుడ్డలో చుట్టాడు. "రెండేండ్లకు ఒకటి రిపేరుకొచ్చింది. ఇయ్యుండ్రి, తీగె మార్చి సక్కగ చేస్త."

"ఇప్పుడెందుకండీ, ఉండనివ్వండి."

"వంకరది తీస్కపోతరా సారూ? మా పేరు పోదా?"

పట్టాభి కాదనలేకపోయాడు. పొద్దున ఏడింటికి, లారీ ఎక్కేముందు, ఇంటికొచ్చి తీసుకుంటానన్నాడు. గుమ్మం దాకా వచ్చి, మెట్లు దిగుతున్న మనిషిని ఒక్కో మెట్టూ చూస్తూ నిలబడ్డాడు.

ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. యాదమ్మ చాయ్ పెట్టి ఇచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. "చెప్పినవా?"

"సారే పోతుండు. తెనాలికి. రేపే."

"పోనీలే. మంచిగుండనియ్యి ఆయన" అంది. అతను డబ్బా తెరిచాక ఆమె గొంతు మారింది. "మళ్ల గిదేంది?"

"రిపేరు. ఒక్క తీగె. గిది అయితే ఇగ అయిపోయినట్టే."

"గా మాట ఏడాది సంది ఇంటున్న."

"గీసారి నిజం. వాసంతికి ఫోన్ చెయ్యి. ఆయితారం ఒస్తున్నమని చెప్పు. బండ గూడ తెస్తమని చెప్పు, దానికి మేడ మీద జాగా చూడుమను."

"బండ ఎందుకు?"

"అప్పడాలు ఒత్తుకుందువు."

యాదమ్మకు నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది. ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పోయింది, కూతురితో మాట్లాడుతుంటే ఆమె గొంతు గోడవతలి వాళ్ళకు కూడా వినిపించింది.

ఆరింటికి కరెంటు వచ్చింది. హనుమాండ్లు బండ మీది గుడ్డ తీసి, వంగిన చట్రాన్ని కుడివైపు పెట్టాడు. మేకులు మార్చి గుచ్చాడు. కడ్డీ వేడి చేసి పాడైన తీగెను ఊడదీశాడు. కట్టలోంచి కొత్త తీగె తీసి, వేళ్ళ మధ్య దొర్లించి చూసి, కొలిచి కత్తిరించి, దాని చోట పరిచాడు. ఒక కొసకు యాసిడ్ రాసి టంకం పెట్టాడు. పొగ లేచింది. ఈసారి దగ్గు చాలాసేపు ఆగలేదు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగి రెండో కొస కనిపించలేదు.

"జర ఒరుగుత" అన్నాడు, ఫోన్ పెట్టేసి వచ్చిన యాదమ్మతో. "రెండో కొస పొద్దుగాల పెడ్త. సారు ఏడింటికి ఒస్తడు, ఆరింటికి లేపు."

అన్నం వద్దన్నాడు. చాప మీద, బండ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆరింటికి యాదమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత గ్లాసు కింద పెట్టింది.

పట్టాభి ఏడింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో పండ్ల సంచి పట్టుకుని, సందు మొదట్లోనే ఆగిపోయాడు. వాకిట్లో మనుషులున్నారు. వాసంతి వచ్చి ఆయనను లోపలికి తీసుకెళ్ళింది. ఆయన చాప పక్కన కూర్చుని హనుమాండ్లు కుడిచెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలి గోరు యాసిడ్‌కు పసుపు పచ్చగా మారి ఉంది.

"నిన్న బాగానే ఉన్నారు కదమ్మా. నవ్వారు కూడాను" అన్నాడు యాదమ్మతో. "ఒంట్లో ఏమైనా బాగోలేదా? నాకెప్పుడూ చెప్పలేదే."

యాదమ్మ ఆయన ముఖంలోకి చూసింది. నిన్న కూడా చెప్పలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. ఏడాదిగా చెప్పమన్న మాట, చెప్పకుంటే నేనే చెప్త అన్న మాట, నాలుక చివర దాకా వచ్చింది. ఆయన హనుమాండ్లు చెయ్యి ఇంకా వదల్లేదు.

"ఏం లేకుండె సారూ" అంది. "మంచిగనే ఉండె."

ఎవరో పెద్దాయన తల దగ్గర దీపం పెట్టడానికి చోటు చూస్తూ బండను పక్కకు జరపబోయాడు. పట్టాభి కూడా దాన్ని అప్పుడే చూసి చెయ్యి చాపాడు. యాదమ్మ ఇద్దరినీ ఆపింది.

"ముట్టకుండ్రి. అది పని మీదున్నది."

దీపం వేరేచోట పెట్టారు. ఎనిమిదింటికి లారీవాడు ఫోన్ చేస్తే పట్టాభి లేచి, వాకిట్లో అందరికీ దండం పెట్టి వెళ్ళిపోయాడు. బండ మీద కుడివైపు, మేకుల మధ్య, ఆ చట్రం అలాగే ఉంది. కొత్త తీగెకు ఒక కొస అతుక్కుని ఉంది, రెండో కొస ఇత్తడికి గోరంత ఎత్తున ఆగి ఉంది.